నిమ్మతోటలో ఈగలు చచ్చింది మందువల్ల కాదు

చిల్లకూరు దగ్గరి నిమ్మతోటలో మా సంఘం తేనెటీగలు చచ్చిపోయింది తోటాయన ప్రభుదాసు గారు కొట్టిన మందువల్ల కాదు. ఈ మాట మొదటే రాసేస్తున్నాను. చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. కుదురుగా కూర్చుని రాసే ఓపిక నాకూ లేదు. ఈ నాలుగు వాక్యాలకే రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చాను.

ముత్తుకూరు, మైపాడు, చిల్లకూరు వైపు ఊళ్ళల్లో తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నవాళ్ళంతా కలిసి నడుపుకునే చిన్న సంఘం మాది. కొబ్బరితోటల వాళ్ళు, నిమ్మతోటల వాళ్ళు, సరుగుడు వేసుకున్నవాళ్ళు, చేపల వేటకు పోయే ఇళ్ళ ఆడవాళ్ళు అందులో సభ్యులు. వాళ్ళకు పని నేర్పడానికి, ఊరూరా తిరిగి పెట్టెలు చూసిపెట్టడానికి సంఘం పెట్టుకున్న మనిషిని నేను. అందరూ సారు అనేవాళ్ళు.

ఆ పని వయసైపోయి మానలేదు. ఇంకా అరవై రాలేదు నాకు. ఇన్నేళ్ళు కుట్టించుకున్న ఒళ్ళు ఒకరోజు ఎదురుతిరిగింది. మైపాడులో ఒకే ఒక్క ఈగ చెవి వెనక కుట్టింది. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి నాకు స్పృహ సరిగా లేదు. ఇంకొకటి కుడితే తన పూచీ లేదన్నాడు డాక్టరు. అంతే, పని అయిపోయింది. ఇప్పుడు పెట్టెలకు అల్లంత దూరంలో నిలబడి చూడడమే.

నా చోట్లోకి సరళ గారు వచ్చారు. నెమ్మదైన చెయ్యి ఆమెది. ఈమధ్య కొత్త సభ్యుల శిక్షణకు నన్ను పిలిచి, పెట్టెలకు దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పూత మీద మందు కొట్టకూడదని చెబుతూ నిమ్మతోట కథ చెప్పారు. అది నేను ఆమెకు నేర్పిన కథ. మాటలు నావే. జనం ఉలిక్కిపడాలని నేను ఎక్కడ ఆగేవాణ్ణో ఆమె కూడా అక్కడే ఆగారు. కథ అయ్యాక ఇంకో మాట చెప్పారు.

"ఆ తోటాయనే ఈ ఏడు పూతకి పెట్టెలు పంపమని కబురు చేసినారు. పిందె సరిగ్గా నిలవడం లేదంట. పంపుదామా?"

వెనక నుంచి ఒకాయన, "ఎందుకంట? మిగిలినవాటిని కూడా చంపేదానికా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అలాగని లేచి మాట్లాడనూ లేదు. ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

పెట్టె తెరవక ముందు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందుగా చేసే తప్పు గబుక్కున మూత తీయడం. పక్కకు నిలబడి కాసేపు పెట్టె వాకిలి చూడండి. కాళ్ళకు పుప్పొడి ముద్దలతో ఈగలు వాలుతుంటే లోపల పిల్లలు, అంటే ఇంకా ఈగలు కాని పిల్లపురుగులు, ఉన్నట్టు. వాకిట్లోనే తచ్చాడుతుంటే ఏదో తేడా ఉన్నట్టు. కొబ్బరి పీచు పొగ రెండు ఊదులు చాలు. చేతికి తలనూనె వాసన ఉండకూడదు. స్టాండు కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు ఎండిపోకుండా చూడాలి. మా తీరంలో రోగాలకన్నా చీమలే ఎక్కువ పెట్టెల్ని ఖాళీ చేయించాయి.

ఇవి ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనిది ఒకటుంది. మీరు పట్టు కట్టిన చెక్క ఫ్రేమ్ పైకెత్తి చూస్తున్నంతసేపూ పెట్టె సొంతదారు మీ మొహం చూస్తుంటాడు. ఫ్రేమ్‌లో అతనికి తెలిసేది కొంచెమే. మీ మొహం నుంచే అతను తన పెట్టె సంగతి చదువుకుంటాడు. అందుకని, తెలియనప్పుడు తెలిసినట్టు మొహం పెట్టడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ముందు వస్తుంది. నాకు చాలా బాగా వచ్చింది.

మైపాడులో ఆదెమ్మ అని ఉంది. మగవాళ్ళు వేటకు పోతే ఇంటి వెనక కొబ్బరిచెట్ల కింద పెట్టెలు చూసుకుంటుంది. నా మొహాన్ని ఏమాత్రం లెక్కచేయని మనిషి. కొత్తలో ఆమె పెట్టె సముద్రం వైపు తిరిగి ఉందని, గాలికి ఈగలు వాలలేకపోతున్నాయని చెప్పి, పట్టపగలు దాన్ని ఎత్తి దొడ్డికి ఆ చివర పెట్టించాను. మేతకు పోయిన ఈగలన్నీ తిరిగొచ్చి ఖాళీ స్టాండు మీద గుంపుగా వాలాయి. పెట్టె అల్లంత దూరంలోనే ఉన్నా వాటికి దొరకలేదు. సాయంత్రం ఆమె ఫోన్ చేసి పిలిపించింది.

"ఇల్లు మార్చినావు సారూ, బాగానే ఉండాది. పనికి పోయినోళ్ళకి చెప్పొద్దా?"

"తప్పయిపోయిందక్కా."

"నాకెందుకయా చెప్తావు? ఆ పాత ఇంటి మీద కూచోనుండాయి చూడు, వాటికి చెప్పుకో."

పెట్టెను పాతచోటే పెట్టి, తర్వాత రోజుకు జానెడు చొప్పున జరుపుకుంటూ పోయాం. తప్పయిందన్న మాట ఆ రోజు నాకు సులువుగా వచ్చింది. చూసింది ఆమె ఒక్కతే. నష్టం పొద్దుగూకేలోపు సర్దుకుంది. అందుకే సులువైందని అప్పుడు నాకు తట్టలేదు. తప్పు ఒప్పుకోగల మనిషినే అనుకుని సంతోషపడ్డాను.

రెడ్డిగారు

సంఘానికి పెద్ద కోదండరామిరెడ్డి గారు. ముత్తుకూరు అవతల సరుగుడు తోట, దాని మధ్య పెంకుటిల్లు. మీటింగులన్నీ ఆయన వసారాలోనే. కాఫీలు, టిఫిన్లు ఆయనవే. తుపాను వచ్చి ఎవరి పెట్టెలు కొట్టుకుపోయినా ముందు జీపు ఎక్కేది ఆయనే. ఆయన గురించి చెడ్డగా రాయడానికి కూర్చోలేదు నేను.

ఒక ఏడు ఆయన ఇంటికి పెద్దమనుషులు ఎవరో వస్తున్నారని, వాళ్ళకు తేనె ఇవ్వాలన్నారు. చూస్తే పట్టులో గదులకు ఇంకా మైనం మూత పడలేదు. మూత పడని తేనె పచ్చి తేనె. నీళ్ళ పాలు ఎక్కువుంటుంది, సీసాలో పోస్తే పులుస్తుంది.

"ఇంకో వారం ఆగాలండీ," అన్నాను.

"వాళ్ళు రేపొస్తా ఉండారు గదయా. ఈగలకి చెప్పు, పెద్దోళ్ళొస్తా ఉండారు, కాస్త తొందరగా కానియ్యమని."

తీసి ఇచ్చాను. ఆ సీసాలు వాళ్ళ కారులో, ఎండలో, నెల్లూరు చేరకముందే పొంగి మూతలు ఎగిరి తెల్లబట్టల మీద పడ్డాయట. తర్వాతి మీటింగులో రెడ్డిగారే ఆ సంగతి చెప్పి పడిపడి నవ్వారు. "సారు వద్దనే అన్నాడు. నేనే వినలా," అన్నారు అందరిముందు. ఆ మాటతో నేను ఆయనకు పూర్తిగా లొంగిపోయాను. చెడ్డ యజమానిని కాదనడానికి కాస్త ధైర్యం ఉంటే చాలు. మంచివాణ్ణి కాదనడం నాకు ఎప్పటికీ చేతకాలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు తమ యజమాని మంచివాడైతే ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం.

చేబదులు

మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. మొదలుపెట్టింది నేనే. చలికాలం వానల తర్వాత కొందరి పెట్టెల్లో ఈగలు బాగా తగ్గిపోతాయి. అలాంటప్పుడు బలమైన పెట్టె ఉన్నవాళ్ళు, పిల్లలతో నిండిన ఒక ఫ్రేమ్ తీసి, ఈగల్ని దులిపేసి, బలహీనమైన పెట్టెవాళ్ళకు ఇస్తారు. ఆ పిల్లలు పెరిగి ఈగలై ఆ పెట్టెను నిలబెడతాయి. తర్వాతెప్పుడో వాళ్ళు ఇంకొకరికి ఇస్తారు. దీన్ని మేం చేబదులు ఫ్రేమ్ అనేవాళ్ళం. తీసేది, తడిగుడ్డ కప్పి బండి మీద తీసుకుపోయేది, పెట్టేది నేనే.

చెబితే గొప్పగా ఉంటుందిగానీ నిజంగానే ఆ పద్ధతి మనుషుల్ని కలిపింది. చర్చి పెద్ద ఇంటి నుంచి పిల్లల ఫ్రేమ్ పోయి వేటకు పోయే ఇంట్లో ఈగలయ్యేది. "మీ పిల్లలు మా ఇంట్లో బాగుండాయి వదినా," అని ఫోన్లు చేసుకునేవాళ్ళు. బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకునేవాళ్ళు. నాకు దానిమీద గర్వం ఉండేది.

నిమ్మతోటలో ఈగలు చచ్చిన ఏడు రెడ్డిగారు వేరే జిల్లా నుంచి కొత్త పెట్టెలు తెప్పించుకున్నారు. ఈగలు పొంగిపోతూ ఉన్నాయి. వానలు తగ్గాక తెరిచి చూస్తే ఫ్రేమ్ నిండా పిల్లలు. నాలుగైదు గదుల్లో మాత్రం పిల్ల తల పైకెత్తి చచ్చి ఉంది. మైనం మూతల మీద అక్కడక్కడా చిల్లులున్నాయి. చలికి పోయుంటాయి అనుకున్నాను. అనుకోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది. రెడ్డిగారు పక్కన నిలబడి నా మొహం చూస్తున్నారు.

"ఎట్టుండాయి?"

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ."

"అయితే లేనోళ్ళకి ఇచ్చెయ్. మనకేం తక్కువ?"

ఆ పెట్టెల నుంచి ఫ్రేములు తీసి చాలామందికి పంచాను. ఆదెమ్మకు ఇచ్చాను. ప్రభుదాసు గారికి ఇచ్చాను. ఒకే కత్తి, అవే చేతులు, ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె.

పూతకి

నిమ్మ పూసే కాలంలో సంఘం పెట్టెలన్నీ ప్రభుదాసు గారి తోటకు తోలుకుపోవడం మాకు ప్రతి ఏడూ పండగ లాంటిది. పొద్దుగూకి ఈగలన్నీ లోపలికి చేరాక వాకిళ్ళు మూసి, పెట్టెల్ని మినీ లారీలో ఎక్కించి హైవే మీద చిల్లకూరు చేర్చేవాళ్ళం. తోటలోకి అడుగుపెడుతుంటేనే పూత వాసన. ప్రభుదాసు గారు గేటు దగ్గర టార్చి పట్టుకుని నిలబడి, "రండి రండి, పెళ్ళివారొచ్చినారు. ఇదిగో, కుట్టేవాళ్ళు ముందు దిగండి," అని హాస్యాలాడేవారు. వాళ్ళ ఆవిడ అందరికీ ఉప్మా చేసి పెట్టేది. చోటు ఇచ్చినందుకు ఏమీ తీసుకునేవారు కాదు. "మీ ఈగలు నా పూత మీద నడిస్తే చాలయా, కాయ నిలస్తాది," అనేవారు.

ఆ ఏడు కూడా అలాగే తోలాం. కొన్నాళ్ళకే పెట్టెలు పడిపోవడం మొదలైంది. కొన్నిటిలో ఈగలు పిడికెడు మిగిలాయి. కొన్ని పెట్టెల్లో పట్టు వదిలేసి మొత్తం లేచిపోయాయి. కొన్ని పెట్టెల ముందు నేల మీద చచ్చిన ఈగలు కనపడ్డాయి. సభ్యులు ఒక్కొక్కరే వచ్చి చూసి ఏడ్చినంత పని చేశారు. ఆ వారంలోనే ప్రభుదాసు గారు చెట్లకు గజ్జి తెగులు మందు కొట్టించారు. డ్రమ్ము తోటలోనే ఉంది. నీలం మరకలు ఆకుల మీద కనపడుతూనే ఉన్నాయి. అందరూ డ్రమ్ము వైపు చూశారు, తర్వాత నా మొహం వైపు చూశారు.

ఈగల సంగతి తెలిసిన ఎవరినైనా అడగండి. మందుతో చస్తే పెద్ద ఈగలు వాకిలి ముందు గుట్టగా పడతాయి, వణుకుతూ గుండ్రంగా తిరుగుతూ చస్తాయి. పిల్లల మీద కన్నా పెద్దవాటి మీద ముందు దెబ్బ పడుతుంది. ఆ తోటలో అలా లేదు. నేల మీద పడ్డవి కొట్లాటలో చచ్చినవని తర్వాత అర్థమైంది. ఒక పెట్టె నీరసపడితే పక్క పెట్టె ఈగలు తేనె దోచుకోవడానికి ఎగబడతాయి, ఆ పోట్లాటలో చస్తాయి. రెక్కలు చిరిగి ఉంటాయి. ఇదంతా నేనే శిక్షణలో చెప్పేవాణ్ణి. ఆ రోజు వంగి ఒక్క ఈగనైనా చేతిలోకి తీసుకోలేదు. లోపలి పిల్లల్ని చూడలేదు. చూడాలనిపించలేదు అని రాస్తే ఇంకొంచెం నిజం.

మీటింగు

రెడ్డిగారి వసారాలో మీటింగు. ఎవరూ టిఫిను ముట్టలేదు. ప్రభుదాసు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేరుగా చర్చి నుంచి వచ్చినట్టు వచ్చి ముందువరసలో కూర్చున్నారు. తనను నిలదీయడానికి పిలిచారని ఆయనకు వచ్చేదాకా తెలియదు.

"మందు కొట్టేటప్పుడు ముందురోజు అందరికీ చెప్పాలని గదా మన మాట?" అని అడిగాడు ఒక సభ్యుడు.

"ఈగలకి పడని మందైతే చెప్పాల. నేను కొట్టింది గజ్జికి. అది ఈగని ఏం చెయ్యదని సారే చెప్పినాడు, నా చెట్టు కింద నిలబడి." ఆయన నా వైపు తిరిగారు. "చెప్పినావా లేదా సారూ?"

చెప్పాను. నిజంగానే చెప్పాను. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అవునంటే వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది, మరి దేనివల్ల చచ్చాయని. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేదన్న సంగతి అందరిముందు ఒప్పుకునే మొహం నాకు లేదు. రెడ్డిగారు విసుగ్గా కదిలి, "ఏదో ఒకటి తేల్చవయా, పొద్దుపోతా ఉండాది," అన్నారు.

"పూత మీద ఏ మందైనా మందే కదండీ," అన్నాను.

అంతే నేనన్నది. అందులో అబద్ధం లేదు. శిక్షణలో మొదటిరోజు చెప్పే సూత్రమే అది. కానీ ఆ క్షణంలో అది తీర్పయింది. వసారా అంతా ఒక్కసారి గోలెత్తిపోయింది. ప్రభుదాసు గారు లేచి నిలబడ్డారు. కోపంగా అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"నేనడిగింది అది కాదు సారూ," అన్నారు.

చొక్కా సర్దుకుని మెట్లు దిగి పోయారు. మళ్ళీ సంఘానికి రాలేదు. మా వాళ్ళు పెట్టెలు తెచ్చుకోవడానికి ఆయన తోటకు వెళితే గేటు తీసి పక్కకు నిలబడ్డారట. హాస్యాలు లేవు, ఉప్మా లేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను ఒకటే గట్టిగా చెబుతాను. అడిగినవాడు ఒక పెట్టె గురించి, ఒక రోజు గురించి అడిగితే సూత్రం చెప్పకండి. ఆ పెట్టె సంగతే చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. ఉద్యోగం పోదు. పోయినా ఫరవాలేదు.

నీటిసంచి

తర్వాత కొద్దిరోజులకే రెడ్డిగారి సరుగుడు తోటలో పాత పెట్టె తెరిచాను. ఇంటి దగ్గరే ఉంచుకున్న ఆ ఒక్క పెట్టె నిమ్మతోటకు పోలేదు. దాని మీద ఏ మందూ పడలేదు. లోపల మాత్రం కొత్త పెట్టెల్లో చూసిన సంగతే. మూతలకు చిల్లులు, గదుల్లో తల పైకెత్తి చచ్చిన పిల్లలు. చిన్న పట్టకారుతో ఒక పిల్లను పట్టుకుని మెల్లగా లాగాను. చిన్న సంచిలా సాగి బయటికొచ్చింది. లోపల నీళ్ళు కదులుతున్నాయి. నీటిసంచి రోగం అంటాం దాన్ని. పిల్లలకు మాత్రమే వస్తుంది. ఒక పెట్టె పిల్లల్ని ఇంకో పెట్టెలో పెడితే రోగం వాటితోపాటే అక్కడికీ చేరుతుంది.

పెట్టె మూత వేసేశాను. ఏ పెట్టె తర్వాత ఏ పెట్టెకు ఫ్రేమ్ తీసుకుపోయానో దారి అంతా కళ్ళముందు కనపడింది. నిమ్మతోటలో పడిపోయిన పెట్టెలు ఏవో, నా బండి వెళ్ళిన ఇళ్ళు ఏవో ఒకటికొకటి సరిపోయాయి.

రెడ్డిగారికి చెప్పాను.  

"ఇప్పుడు చెప్తే ఏమవతాది?" అన్నారు. "నా పెట్టెల మీదికొస్తాది. నీ చేతి మీదికొస్తాది. మనోళ్ళు ఒకరి ఇంటి ఫ్రేము ఒకరు ముట్టుకోరు ఇంక. సంఘం ఉంటాదా? ప్రభుదాసు ఎట్టాగూ వెళ్ళిపోయినాడు గదా. మెల్లగా నేనే పోయి మాట్లాడతాలే."

ఆయన వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. ఆ పెట్టెల్లోని పట్టులన్నీ తీసి కాల్చేశాను, కత్తులు ఉడకబెట్టాను, రోగం ఉన్న ఇళ్ళకు ఏదో ఒక సాకు చెప్పి పాత పట్టులు మార్పించాను. చేబదులు కూడా ఆపించాను, కారణం చెప్పకుండా. సంఘం బతికింది. దాంతోపాటు కథ కూడా బతికింది. మొదట్లో ఎవరో అడిగితే చెప్పాను, తర్వాత అడగకుండానే చెప్పాను. ఏళ్ళ తరబడి ప్రతి శిక్షణలో నిమ్మతోట కథ చెప్పాను. మంచి ఉదాహరణ అని మెచ్చుకున్నారు. ఆ చుట్టుపక్కల నిమ్మరైతులందరూ మా పెట్టెల్ని తోటలోకి రానివ్వడం మానేశారు. ఏ చెట్టుకు ఏ మందు కొట్టినా చావు తమ మీదికి వస్తుందని వాళ్ళ భయం. న్యాయమైన భయమే.

చెప్పాల్సింది ఎవరికి

శిక్షణ అయిన మర్నాడు బస్సెక్కి చిల్లకూరు వెళ్ళాను. ప్రభుదాసు గారు తోటలో గట్టు మీద కూర్చుని కాయలు ఏరుతున్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు. నిలబడే అంతా చెప్పాను. ఫ్రేములు, నీటిసంచి, నాకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశాను, ఏం చేయలేదు. ఆయన కాయలు ఏరడం ఆపలేదు.

అంతా విన్నాక, "అయితే?" అన్నారు.

"అదే చెప్పుకుందామని వచ్చానండీ."

"నేను చంపలేదని నాకు చెప్పేదానికి వచ్చినావా? నాకు తెల్దా?" కాయను బుట్టలో పడేశారు. "తెలీనోళ్ళు ఆడుండారు, ముత్తుకూరు వసారాలో. ఈడికెందుకు వచ్చినావు? ఈడ చెప్పడం సులువని గదా?"

ఆయన ఇంకో కాయ చేతిలోకి తీసుకున్నారు.

"నాకు ఈగలు కావాల. ఏటేటా నా పూత రాలిపోతా ఉండాది. అందుకని సిగ్గు చంపుకుని కబురు పెట్టినా. నువ్వు చెయ్యాల్సింది ఉంటే అది చెయ్యి."

తిరిగి వస్తూ నేరుగా రెడ్డిగారి ఇంటికి పోయాను. ఇప్పుడు ఆయనకు నడవడం కష్టం, వసారాలోనే పడక. మీటింగులో చెప్పబోతున్నానని, కాగితం మీద కూడా రాయబోతున్నానని చెప్పాను. ఆపుతారనుకున్నాను.

"రాయి," అన్నారు. "కానీ నేను చెప్పొద్దన్నానని రాయొద్దు. చెప్పొద్దంటే నువ్వు విన్నావని రాయి."

అలాగే రాస్తున్నాను. ఆయన చెప్పొద్దన్నారు, నేను విన్నాను.

మీటింగు అదే వసారాలో జరిగింది. సరళ గారు నాకు ముందుకు రమ్మని చోటిచ్చారు. నిలబడి మొదటి వాక్యమే చెప్పాను, ఈ కాగితం మీద మొదట రాసిన వాక్యమే. ఆ తర్వాతి మాటలు ఏ వరుసలో చెప్పానో గుర్తులేదు. కొందరు తిట్టారు. ఒకాయన, "ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా?" అన్నాడు. ఇంకొకాయన లేచి వెళ్ళిపోయాడు. ఆదెమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది.

"నా పెట్టెలో కూడా పెట్టినావు గదా సారూ, ఆ ఫ్రేము?"

"పెట్టాను అక్కా."

"తోట నుంచి ఇంటికొచ్చినాక ఆ పెట్టె లేచిపోయినప్పుడు నా కోడల్ని తిట్టినానయా. ముట్టు చేత్తో మూత తీసినావని. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి... ఇప్పటికీ పెట్టెల దగ్గరకి రాదు." ఆమె కొంగు దించింది. "ప్రభుదాసన్న ఒక్కడే అనుకున్నావా నువ్వు?"

ఒక్కడే అనుకున్నాను. ఇన్నేళ్ళూ నేను లెక్కపెట్టుకున్నది ఆయన ఒక్కణ్ణే. నేను నిజం దాచినందువల్ల తప్పెవరిదో తేలక ఖాళీగా ఉండిపోయిన ఆ చోట్లో ప్రతి ఇంట్లో ఎవరో ఒకర్ని నిలబెట్టి ఉంటారని నాకు తట్టలేదు. అక్కడున్న మిగతావాళ్ళ మొహాలు చూశాను. ఎవరు ఎవర్ని అన్నారో అడగడానికి నాకు నోరు రాలేదు.

తోటకు పెట్టెలు పంపాలా వద్దా అన్నది తేలలేదు. రోగం భయం కొందరికి, అలవాటైన కథ వదులుకోలేనితనం కొందరికి. ఆదెమ్మ లేచి, "నా పెట్టె పోతాది. మీరందరూ చూసి రండి తర్వాత," అని మెట్లు దిగింది. సరళ గారు ఆ పెట్టెలో ప్రతి పిల్లనూ వెతికి చూసి, బాగుందని చెప్పాకే కదిలించారు.

నిన్న తెల్లవారుతూనే చిల్లకూరు వెళ్ళాను. పూత సరిగ్గా విచ్చుకుంటోంది. మినీ లారీలో ఒకే ఒక్క పెట్టె. దాంతో పాటు వచ్చింది ఆదెమ్మ కాదు, ఆమె కోడలు. పెట్టెను చెట్ల మధ్య స్టాండు మీద పెట్టి, కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు పోసి, వాకిలికి అడ్డం పెట్టిన గుడ్డ తీయడానికి వంగింది. చెయ్యి ఒక క్షణం ఆగింది. తర్వాత తీసింది. ఈగలు ఒకటొకటిగా బయటికొచ్చి, పెట్టె ముందు గాలిలో తిరిగి తిరిగి చోటు గుర్తుపెట్టుకుంటున్నాయి.

నేను గేటు దాటి రెండడుగులు లోపలికి వేశాను. దగ్గర నుంచి చూడాలనిపించింది. ప్రభుదాసు గారు గట్టు మీద నుంచి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆడనే నిలబడు సారూ. ఈడ నిన్ను ఈగ కుట్టి ఏమన్నా అయిందంటే, మళ్ళీ నా తోట పేరే చెప్తారు."

ఆ అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు. నేను వెనక్కి నడిచి గేటు బయట, రోడ్డు మీద నిలబడ్డాను.